నిమిషానికి నలుగురు

బాబాయికి, హెడ్ క్లర్కు గారికి,

ఇద్దరూ మీరే కాబట్టి ఒకే నమస్కారంతో సరిపెడుతున్నాను. మా ఊరి ఉత్సవం ఇంకా ఇరవై రోజులుంది. మా స్టేషనుకి టిక్కెట్టు కిటికీ ఒక్కటే. అదీ ప్లాట్‌ఫారం వైపు. ఆ ప్లాట్‌ఫారం వెడల్పు నా అంగలతో తొమ్మిది అంగలు. ఇళ్ళకి తిరిగి వెళ్ళే జనమంతా టిక్కెట్టు కోసం ఆ తొమ్మిది అంగల్లోనే మెలికలు తిరిగి నిలబడాలి. సాయంత్రం అయిదూ ఇరవైకి ఇక్కడ ఆగని మెయిలు వాళ్ళ పక్కనుంచే దూసుకుపోతుంది.

నిరుడు ఆ వేళకి వెనకనుంచి తోసిన తోపుకి దుప్పట్లమ్మే ఆవిడ అంచు దాటి పట్టాల మీద పడింది. మా గేటుమన్ రెక్క పట్టుకుని లాగబట్టి బతికింది. ఆమె మూట బతకలేదు. ఈసారి ఇద్దరు పడితే లాగడానికి నా దగ్గర ఇంకో గేటుమన్ లేడు.

పార్సిల్ గదికి వీధివైపు ఒక కిటికీ ఉంది. ఆ ఒక్కరోజుకి అక్కడ రెండో టిక్కెట్టు కిటికీ తెరిపించి, ఒక గుమాస్తాని పంపించండి. నేనడిగేది అంతే.

ఇట్లు మీ అన్నగారి అమ్మాయి, మీ ఆఫీసు లెక్కలో టిక్కెట్టు గుమాస్తా.

తా.క. డిగ్రీ చదివి టిక్కెట్లు చింపుకుంటోందని పిన్నితో అన్నారట. అట్ట టిక్కెట్లు చింపరు బాబాయ్, ముద్ర కొడతారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు మీది.

*

చిరంజీవి గుమాస్తాకి ఆశీస్సులు. ఇంతవరకు బాబాయిది, ఇక్కణ్ణించి ఆఫీసుది.

మీ లేఖ అందినది. గత ఆరేళ్ళ రిజిస్టర్లు తీయించి చూడడమైనది. ఉత్సవం రోజున మీ స్టేషన్లో అమ్ముడైన టిక్కెట్లు వరసగా 1,912, 1,908, 1,917, 1,910, 1,915, 1,911. జనం ఏ ఏడూ పెరగలేదని దీన్నిబట్టి స్పష్టం. ఇంత నిలకడ గల జనం మన డివిజన్లో మరెక్కడా లేరు. రెండో కిటికీ కావాలంటే అమ్మకం రెండున్నర వేలు దాటాలని రూలు. కావున వీలుపడదు. పట్టాల మీద పడిన మహిళ వద్ద టిక్కెట్టు ఉన్నట్టు దాఖలా లేనందున ఆమెని ప్రయాణికురాలిగా పరిగణించలేము.

ఇట్లు హెడ్ క్లర్కు.

తా.క. నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. "ఆ పడ్డావిడకి నడుం ఎలా ఉందో అడిగారా?" అంది. రిజిస్టర్లో నడుం కాలమ్ లేదన్నాను. అప్పట్నించీ ఇంట్లో నాతో మాటల్లేవు.

*

బాబాయికి,

నిలకడ జనానిది కాదు. నా చేతిది. అట్ట తీసి, ముద్ర కొట్టి, చిల్లర ఇచ్చేసరికి పదిహేను సెకన్లు. నిమిషానికి నలుగురు. గంటకి రెండు వందల నలభై. కిటికీ తెరిచి ఉండేది ఎనిమిది గంటలు. మీరే గుణించి చూడండి. నాకు ముందు ఇక్కడ పనిచేసినవాళ్ళవీ మనుషుల చేతులే. ఈ ఆరేళ్ళూ మీ ఆఫీసు కొలిచింది జనాన్ని కాదు, గుమాస్తాని.

నిరుడు కిటికీ మూశాక స్టూలెక్కి లెక్కపెట్టాను. మొత్తం మీద నాలుగు వేల పైచిలుకు. మిగతా రెండు వేలమంది ఏం చేశారంటారా? రైలు రాగానే ఎక్కేశారు. వాళ్ళు దొంగలు కారు. మధ్యాహ్నం నుంచీ నిలబడి, నా మొహం చూసి, "నీ వల్ల కాదులే తల్లీ" అని వెళ్ళిపోయినవాళ్ళు.

రెండో కిటికీ పంపండి. పద్నాలుగు రోజులే ఉంది.

ఇట్లు, నిలకడ గల చెయ్యి.

తా.క. ఆ రెండు వేలమంది సంగతి తా.క.లో రాయాల్సింది. ఆఫీసు ఫైలుకెక్కే భాగంలో రాసేశాను. అప్పుడే ఉత్తరాల సంచీ పట్టుకుని గార్డు విజిలేస్తున్నాడు, తిరగరాసే టైము లేదు.

*

గౌరవనీయ గుమాస్తాకి,

రెండు వేలమంది టిక్కెట్టు లేకుండా ప్రయాణిస్తున్నారని ఒక స్టేషను తనంతట తానే రాసి ఇవ్వడం మా ఆఫీసు చరిత్రలో ఇదే మొదలు. పెద్దాఫీసరు గారు ఎంతో సంతోషించారు. ఉత్సవం రోజున ఇరవైమంది చెకింగ్ సిబ్బంది మీ గేటు దగ్గర ఉంటారు. టిక్కెట్టు లేనివారిని వదిలేది లేదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా మైకులో చెప్పిస్తున్నాము. మీకు ప్రశంసాపత్రం వేరుగా వస్తుంది. రెండో కిటికీ విషయంలో పాత జవాబులో మార్పు లేదు.

ఇట్లు హెడ్ క్లర్కు.

తా.క. నువ్వడిగింది ఇది కాదని నాకు తెలుసమ్మా. నీ ఉత్తరం బల్లమీద పెట్టి టీకి వెళ్ళాను. వచ్చేసరికి అది మూడంతస్తులు ఎక్కేసింది. నాకు ఒక అంతస్తు ఎక్కితేనే ఆయాసం.

*

బాబాయ్,

హెడ్ క్లర్కు గారు చదవకపోయినా ఫరవాలేదు, ఇది మీరు చదవండి. మైకు మా ఊళ్ళోనూ తిరిగింది. చెప్పులు కుట్టే తాత దారిలో ఆపి, "ఈసారి అందరం కొనే ఎక్కుతాం. ఎట్లా ఇవ్వవో చూస్తాం" అన్నాడు. ఆయన బెదిరించలేదు, మాటిచ్చాడు. భయం వేసింది నాకే. నిరుడు సగంమంది విసుగెత్తి పోబట్టి క్యూ సగమైంది. ఈసారి నాలుగు వేలమంది నిజాయితీపరులు ఆ తొమ్మిది అంగల్లో ఒకర్నొకరు తోసుకుంటుంటే, అయిదూ ఇరవైకి మెయిలు వస్తుంది. ఎవరో ఒకరు పడతారు. వాళ్ళు నాకు తెలిసినవాళ్ళే అవుతారు.

ఒక్క దారుంది. ఉత్సవానికి వచ్చేవాళ్ళు పొద్దున దిగగానే, వీధివైపు పార్సిల్ గది కిటికీలోంచి తిరుగు టిక్కెట్టు అమ్మేస్తాను. గేటుమన్ భార్య ముద్ర కొడుతుంది, నేను అట్టా చిల్లరా చూసుకుంటాను. నిమిషానికి ఆరుగురు. ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా పన్నెండు గంటలు. సాయంత్రానికి ప్లాట్‌ఫారం మీద క్యూ అన్నదే ఉండదు. కాకపోతే తిరుగు టిక్కెట్టు మధ్యాహ్నం పన్నెండు దాకా అమ్మకూడదని, ప్లాట్‌ఫారం కిటికీలోనే అమ్మాలని రూలు. ఆ ఒక్కరోజుకి సడలించమని చెప్పండి. ఆరు రోజులుంది. జవాబు రాకపోతే సరేనన్నట్టే అనుకుంటాను.

మీ అమ్మాయి.

తా.క. ప్రశంసాపత్రం అందింది. కిటికీ అద్దం పగిలినచోట అంటించాను. కొలత తీసి పంపినట్టే ఉంది.

*

బాబాయికి,

మీ జవాబు రాలేదు. ఉత్సవం నిన్న అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అనుకున్నదానికి గంట ముందే, పొద్దున అయిదింటికే పార్సిల్ గది కిటికీ తెరిచాం. సాయంత్రం అయిదింటికి దాదాపు అందరి చేతుల్లోనూ టిక్కెట్లున్నాయి. జనం స్టేషను ఎదుట గడ్డిలో కూర్చున్నారు. ప్లాట్‌ఫారం ఖాళీ. చెకింగువాళ్ళ నాయకుడు మీసాలాయన గేటు దగ్గర ఆవలిస్తూ, "ఏమ్మా, ఒక్కడూ దొరకడా? రెండు రైళ్ళు మారి వచ్చాం" అన్నాడు. "దొరికితే మీకే ఇస్తాను, కూర్చోండి సార్" అన్నాను.

అయిదూ పదికి వాన. ఊళ్ళో ఉన్న వానంతా ఒక్కసారే పడింది. తలదాచుకోడానికి అక్కడున్నది ప్లాట్‌ఫారం షెడ్డు ఒక్కటే. నాలుగు వేలమందీ లేచారు. గేటుకి అడ్డం నిలబడితే, "టిక్కెట్టుందిగా, జరుగమ్మా" అని నన్ను పక్కకి నెట్టేశారు. ఆ టిక్కెట్లు అమ్మింది నేనే. మెయిలు ఆపమని గేటుమన్ అవతలి స్టేషనుకి ఫోన్ చేశాడు. మెయిలు అప్పటికే దాటేసిందట. వెనకవాళ్ళు ఇంకా లోపలికి వస్తున్నారు, ముందువాళ్ళ కాలివేళ్ళు అంచు మీదున్నాయి.

మీసాలాయన దగ్గరికి పరుగెత్తాను. "మీవాళ్ళని అంచు దగ్గర వరసగా నిలబెట్టండి సార్."

"మా డ్యూటీ టిక్కెట్లు అడగడం."

"అడగండి. చేతులు కలిపి నిలబడి అడగండి. చూపించనిదే ఎవర్నీ ముందుకి రానివ్వకండి."

ఆ మాట ఆయనకి అర్థమైంది. షెడ్డు పొడవునా ఇరవైమందీ గొలుసు కట్టారు. ఒక మనిషి తక్కువైంది. ఆ ఖాళీలో నేను నిలబడ్డాను. అందరం ఒక్క గొంతుతో "టిక్కెట్, టిక్కెట్" అని అరిచాం. అప్పుడు చూడాలి బాబాయ్. టిక్కెట్ అనే మాట వినగానే మనిషి ఆగిపోతాడు. జేబులో చెయ్యి పెడతాడు. ఒకడు ఈ జేబు, ఒకడు ఆ జేబు, ఒకావిడ కొంగుముడి. జేబులు వెతుక్కునేవాళ్ళు ఎవర్నీ తొయ్యలేరు.

మెయిలు నా వీపు వెనకనుంచి పోయింది. కాసేపు చెవులు పనిచెయ్యలేదు. మీసాలాయన టోపీ గాలికి ఎగిరి రైలు వెంట పోయింది. ఆయన వెనక్కి తిరిగి తన మడమకీ అంచుకీ మధ్య ఉన్న చోటు చూసుకుని, ఉన్నచోటే కూలబడ్డాడు. "ఎంత దూరంలో పోయిందమ్మా?" అన్నాడు. "అడక్కండి సార్" అన్నాను.

ఎవరూ పడలేదు. అమ్మకం 4,316. రూలు తప్పానని ఉద్యోగం తీసేస్తే తీసెయ్యమనండి.

మీ అమ్మాయి.

తా.క. టిక్కెట్టు లేకుండా దొరికింది ఒక్కడే. గేటుమన్ మామగారు. "అల్లుడి స్టేషన్లో నాకు టిక్కెట్టేంటి?" అన్నాడు. అల్లుడే పట్టించాడు.

*

చిరంజీవి అమ్మాయికి,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. ఎందుకో నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరానికి జవాబు రాలేదన్నావు. పైనుంచి ఆ రోజే వచ్చింది. "రూలుకి విరుద్ధం, తక్షణం ఆపించాలి" అని పెద్దాఫీసరు రాశారు. నేనే టైపు చేశాను, కవరు అంటించాను, నీ చిరునామా రాశాను. గార్డు సంచీలో వెయ్యడానికి లేచాను. జవాబు రాకపోతే సరే అనుకుంటానన్నావుగా. కవరు నా సొరుగులో పెట్టి తాళం వేసి, టీకి వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళుగా జనాన్ని రిజిస్టర్లో చూసినవాణ్ణి, వాళ్ళకి కాలివేళ్ళుంటాయని నీ ఉత్తరాల్లోనే చదివాను.

నీ 4,316 పైకి వెళ్ళాక మూడో అంతస్తు గడగడలాడింది. రెండున్నర వేలు దాటింది కాబట్టి రూలు ప్రకారం రెండో కిటికీ మంజూరైంది. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఆపమన్న ఉత్తరం నీకు ఎందుకు అందలేదని తర్వాత ఎవరో అడిగారు. సొరుగు తెరిపించారు. విచారణ పదకొండు నిమిషాల్లో ముగిసింది. వాళ్ళకి రెండో కిటికీకి ఒక గుమాస్తా కావాలి, నాకు ఒక శిక్ష కావాలి. ఒకే కాగితంతో రెండు పనులూ కానిచ్చారు.

సోమవారం పొద్దుటి బండికి వస్తున్నాను. ఇకమీద ఆ స్టేషన్లో నువ్వే నాకు సీనియర్‌వి. పిన్ని మళ్ళీ నాతో మాట్లాడుతోంది.

ఇట్లు, నీ రెండో కిటికీ.

తా.క. ఒక్క ఏడాదిలో జనం రెండింతలయ్యారు కాబట్టి, వచ్చే ఏడు ఎనిమిదిన్నర వేల టిక్కెట్లు అమ్మాలని నీకు ఉత్తర్వు తయారుచేశారు. దాన్నీ సొరుగులో పెట్టేవాణ్ణే. తాళంచెవి లాగేసుకున్నారు.