సెలవు లేని తొట్టి

పటమట,
అక్టోబరు 2005.

పూజ్యులైన అత్తయ్య గారికి మీ కోడలు రాజ్యశ్రీ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మీ అబ్బాయి, నేను కులాసాగా ఉన్నాం. పెడనలో మీరు, మా పాప పద్మశ్రీ, మీ మగ్గం, ముగ్గురూ క్షేమమని తలుస్తాను. మగ్గాన్ని కూడా అడిగానని నవ్వకండి. దాన్ని అడగకపోతే మీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మీ ఉత్తరం అందింది. పాప ఇప్పుడు నా మీద బెంగ పెట్టుకోవడం లేదని, కండెలు చుట్టే రాట్నం దగ్గర కూర్చుంటే లేవనంటోందని రాశారు. సంతోషించాలో ఉడుక్కోవాలో తెలియలేదు. జడలు మాత్రం బిగించి వెయ్యకండి, ఊరంతా చెప్పి ఏడుస్తుంది. మీ అబ్బాయి కాలి నొప్పి గురించి అడిగారు. బెంజ్ సర్కిల్ షాపులో పండగ బేరాలకి రోజంతా నిలబడి తానులు విప్పి చూపించడం వల్ల వచ్చిన నొప్పి అది. పండగతో పాటు అదీ వెళ్ళిపోయింది.

మీ ఆఫీసులో అసలేం తయారు చేస్తారని మళ్ళీ అడిగారు. ఏమీ తయారు చెయ్యం అత్తయ్యా. నాలుగు ఊళ్ళలో ఆఫీసులున్న వ్యాపారాల వాళ్ళు తమ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా లైన్లు వేసుకుంటారు. వాటిని పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండటానికి సొంత మనుషుల్ని పెట్టుకోవడం కష్టమని ఆ పని మాకు అప్పగిస్తారు. మేం షిఫ్టుల వారీగా తెర ముందు కూర్చుంటాం. లైను బాగుంటే పచ్చగా, తెగితే ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు కనిపిస్తే ఫోన్ చేసి వాళ్ళని లేపి, బాగయ్యేదాకా వదలం. మీరు నేస్తూ నేస్తూనే తెగిన పోగును పట్టుకుని ముడి వేస్తారు కదా, అలాంటి పనే. కాకపోతే మేం కేక వేస్తాం, ముడి వేరేవాళ్ళు వేస్తారు.

ఈ ఉద్యోగం మీ చలవే. చిన్నపిల్ల తల్లికి షిఫ్టు డ్యూటీలేమిటని సంపూర్ణమ్మ పిన్ని గారు మన వాకిట్లో నిలబడి నిలదీసినప్పుడు మీరు కండె మార్చుకుంటూ అన్న మాట నేను మర్చిపోను. “నేను ఇన్నేళ్ళు మగ్గం గుంటలో కూర్చుంటే ఎవరూ అడగలేదు. అది కుర్చీలో కూర్చుంటే అడుగుతారేం?” ఆ సాయంత్రమే పాప బట్టలు సర్ది మీ మంచం పక్కన పెట్టుకున్నారు. మా అమ్మ కూడా నాకోసం అంత మాట అనలేదు.

మీకు రాయని సంగతి ఒకటుంది. దసరా ముందు మాకు కోయంబత్తూరు నూలు కంపెనీ వాళ్ళ పని వచ్చింది. పండగ వెళ్ళేదాకా మా పనితనం చూసి, నచ్చితేనే ఉంచుతామన్నారు. వాళ్ళు వద్దంటే మా షిఫ్టులో కొందరిని పంపెయ్యక తప్పదని మా బాసు రామకోటేశ్వరరావు గారు ముందే చెప్పారు. అందరిలోకి కొత్తదాన్ని నేనే. మీరు అందరి నోళ్ళూ మూయించి పంపిస్తే, నేను పెట్టె పట్టుకుని తిరిగొచ్చి సంపూర్ణమ్మ పిన్ని గారి ఎదురుగా బస్సు దిగడం ఎలాగా అని భయపడ్డాను.

మహర్నవమి నాడు పొద్దున డ్యూటీలో ఉన్నాను. చూస్తుండగానే ఆ కంపెనీ ఆఫీసులన్నీ ఒకదాని వెంట ఒకటి ఎర్రబడ్డాయి. మా సీనియర్ హేమసుందర్ గారు సేలం ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఇవాళ ఆయుధ పూజ, కంప్యూటర్లన్నీ ఆపి బొట్లు పెడుతున్నాం అన్నారట. ఈరోడ్ వాళ్ళూ అదే మాట. ఆపుతున్నామని మాకు ముందు చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మేం మాత్రం తక్కువ తిన్నామా, మా కీబోర్డుల మీద బంతిపూలు పెట్టుకుని కూర్చుని ఉన్నాం. హేమసుందర్ గారు పగలబడి నవ్వి, అన్నీ పూజ ఖాతాలో రాసేద్దాం అన్నారు. నేనూ నవ్వాను.

నవ్వుతూనే తెర కిందికి చూశాను. అక్కడ వాళ్ళ రంగుల మిల్లు కూడా ఎర్రగా ఉంది. నా పెళ్ళయ్యాక వచ్చిన మొదటి దసరా గుర్తొచ్చింది. మగ్గానికి పసుపు, కుంకుమ పెట్టి, మర్నాటిదాకా ముట్టుకోకూడదని నాకు చెప్పి, మీరేమో పెరట్లో కొంగు దోపుకుని రంగు తొట్టిలో నూలు చిలపలు కర్రతో తిప్పుతున్నారు. ఇవాళ పని చెయ్యకూడదు కదా అని అడిగాను. “సెలవు మగ్గానికి. తొట్టిలో నూలుకి సెలవేమిటే?” అన్నారు, తల కూడా ఎత్తకుండా. తిప్పడం ఆపితే నూలు మచ్చలు పడుతుందని నాకు తర్వాత తెలిసింది.

ఆ మిల్లుకి నేనే ఫోన్ చేశాను. ఎంతోసేపు మోగాక ఒక పెద్దాయన ఎత్తారు. అదృష్టం కొద్దీ ఆయనకి తెలుగు వచ్చు, అక్కడ తరాలుగా ఉంటున్న మన నేతవాళ్ళ తెలుగు. పూజమ్మా, అన్నీ ఆపేసినారు, రేపు పలకండి అన్నారు.

“అయ్యా, తొట్లలో నూలుందా?” అని అడిగాను.

ఆయన చిన్నగా “ఉందమ్మా” అన్నారు. ఫోన్ పెట్టెయ్యకుండానే పరిగెత్తిన చప్పుడు వినిపించింది.

అక్కడ తొట్ల వేడిని కంప్యూటరే చూస్తుందట. పూజ హడావిడిలో ఎవరో దాన్నీ ఆపేశారు. కింద తొట్ల దగ్గరున్న వాళ్ళు పైన కంప్యూటర్ గదిలో వాళ్ళు చూస్తున్నారులే అనుకున్నారు. కొన్ని చిలపలు మచ్చలు పడ్డాయిగానీ మిగిలిన నూలు దక్కింది. పండగ వెళ్ళాక ఆ కంపెనీ ఆయన మా బాసుకి ఫోన్ చేసి పని మాకే ఖాయం చేశారు. విజయవాడలో కూర్చున్న అమ్మాయికి మా తొట్టి సంగతి ఎలా తెలిసిందని అడిగారట. మా అత్తగారు నూలుకి రంగులు వేస్తారండీ, అని చెప్పమన్నాను. చెప్పేటప్పుడు గర్వంగా అనిపించింది అత్తయ్యా. మీరు లేకపోతే ఆ ఎరుపు మీదుగా నా కళ్ళు జారిపోయేవి.

ఇంతదాకా రాసి కలం పక్కన పెట్టి, మళ్ళీ తీశాను. మీ ఉత్తరంలో, పండక్కి కూడా సెలవివ్వని ఆఫీసు ఏం ఆఫీసని మా బాసుని కడిగేశారు. ఆయన తప్పేమీ లేదు. చిన్నపిల్ల తల్లివి, నవమికి ఊరెళ్ళి రామ్మా అని ఆయనే అన్నారు. నేనే ఉంటానన్నాను. ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటే కాదు. ఆ తెర ముందు కూర్చోవడం నాకిష్టం. ఎవరో తెలియని వాళ్ళ పని ఆగకుండా చూశానన్న తృప్తితో ఇంటికి రావడం ఇష్టం. మీ ఒళ్ళో పాపను పెట్టి వచ్చి, ఆ మాట మీకు చెప్పడానికి నోరు రాలేదు. సెలవు దొరకలేదని అబద్ధం చెప్పాను. పాప ఆ రోజు గుమ్మంలో ఎదురుచూసిందని మీరు రాసిన చోట ఇంక చదవలేకపోయాను.

ఇప్పుడు మా ఆఫీసులో ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగకూడని మెషీన్‌ని అందరూ “అత్తయ్య గారి తొట్టి” అంటున్నారు. మిమ్మల్ని చూడనివాళ్ళు కూడా రోజూ మీ పేరు తలుచుకుంటున్నారు.

ఈ ఆదివారం వస్తున్నాను. సెలవు నేనే అడిగాను. ఎదురుగా కూర్చుంటాను, మీరు తిట్టాల్సినవన్నీ తిట్టండి. తొట్టిలో నూలుంటే మాత్రం ఒక కర్ర నాకివ్వండి, ఇద్దరం తిప్పుతూ ఉండగానే తిట్టండి.

ఇట్లు,
పండక్కి రాని మీ కోడలు,
రాజ్యశ్రీ