శనివారం గాలి పోయే సైకిళ్లు

ప్రియమైన అమ్మకు,

కాన్పయ్యాక అక్క కోలుకుందా? బుజ్జిగాడు మిమ్మల్ని నిద్రపోనిస్తున్నాడా?

ఇక్కడ నా పని ఈగలు తోలుకోవడమే. వీధి సంఘం ఇచ్చిన గదిలో కుర్రకారు కోసం శనివారాలు కూర్చుంటున్నానా, ఒక్కరూ రాలేదు. నెలసరి, గర్భనిరోధకాలు, సుఖవ్యాధులు, ఏదైనా గుట్టుగా అడగొచ్చని తలుపు మీద ఇంతింత అక్షరాలతో బోర్డు కూడా పెట్టించాను. ఎదురుగా బెంచీల మీద వీధి పెద్దలంతా కూర్చుంటారు.

ఇలాగే ఉంటే నెలాఖరుకి గది మూసేయాలని అధ్యక్షుడి హుకుం. అధ్యక్షుడంటే ఇంకెవరు, మన నాన్నే! "ఇవన్నీ పెళ్లయ్యాక వాళ్లకే తెలుస్తాయి" అన్నారు. ఏడుపొచ్చిందమ్మా.

నీ చిన్నది

నా చిట్టి నర్సమ్మా,

గుట్టుగా రమ్మని, పెద్దల కళ్లెదుటే బోర్డు పెట్టావా? నీ తెలివికి దిష్టి తగలకూడదు! వాళ్లకేం కావాలో వాళ్లనే అడగరాదూ? కుర్రకారంతా నాన్న సైకిల్ షాపు దగ్గరే కదా చేరేది.

బుజ్జిగాడు మళ్లీ నా చీర తడిపేశాడు. ఉంటాను.

అమ్మ

ప్రియమైన అమ్మకు,

ఎగిరి గంతేయాలనుంది! షాపు దగ్గరికెళ్లి పిల్లల్ని అడిగాను. సంఘం గది వెనక తలుపు షాపు పెరట్లోకే ఉంది కదా, అది తెరవమన్నారు. ఏళ్లుగా తుప్పు పట్టి బిగుసుకుపోయిన తలుపు, మర్నాడు భుజం పెట్టి నెట్టబోతే వేలు తగలగానే తెరుచుకుంది.

ఇక చూడు! గాలి పోయిందంటూ సైకిలు నాన్నకు అప్పజెప్పడం, ఇటు జారుకోవడం. దర్జీ పిన్ని కర్టెన్ కుట్టిచ్చి, ఆడపిల్లలకు తోడుగా కూర్చుంటోంది. ఒకబ్బాయి కండోమ్ గురించి అడగడానికి ముందు పావుగంట వాన గురించి మాట్లాడాడు. ఒకమ్మాయి "ఇష్టం లేదని అతనికెలా చెప్పాలి?" అని అడిగింది. వెళ్లేటప్పుడు నవ్వుతూ వెళ్లింది.

నాన్నేమో, "ఊళ్లో గాలంతా శనివారమే పోతోందేంటే?" అంటున్నారు. ఆయనకు తెలిస్తే? గురువారం సంఘం సమావేశం. గది సంగతి తేల్చేది అప్పుడే.

నీ చిన్నది

వెర్రి తల్లీ,

మొన్న మనవణ్ణి చూడ్డానికొచ్చి మీ నాన్న అంతా బయటపెట్టేశారు. ఆ మధ్య ఒక కుర్రాడు గాలి కొట్టించుకుంటూ నిన్ను అడగాల్సిందేదో ఈయన్నే అడిగేశాడట. ఈయన లేని పంక్చరు వెతుకుతూ కూర్చున్నారట. తర్వాత పిల్లలు నీతో వెనక తలుపు మాటెత్తడం ఆయన చెవిన పడింది. ఆ తలుపు బందులకు నూనె పోసిందెవరనుకున్నావు?

గది ఉండాల్సిందేనని గురువారం ఆయనే లేచి చెబుతారు. నా ముందు నిలబడి ప్రాక్టీసు కూడా చేశారు. కండోమ్ అనే మాట దగ్గర తడబడ్డారు గానీ, అన్నారు. నాకు ఎంత ముద్దొచ్చారో!

నీకు ఒక్క మాట చెప్పమన్నారు. "గాలి తీయాలంటే ఆ పిల్లల్ని వాల్వు వదులు చేసుకోమను. గుండుసూదులతో పొడవద్దను. పంక్చర్లు వెయ్యలేక నా నడుం పడిపోతోంది."

మీ అమ్మ