మూడో కణం

కోడలు పిల్లా, దేవుడు మిమ్మల్నిద్దరినీ చల్లగా చూడాలి.

నిన్న అబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మా, తను నాతో మాట్లాడి తొమ్మిది రోజులైంది, మాటలన్నీ ఆ న్యూట్రాన్లతోనే" అన్నాడు. తప్పెవరిదని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. ప్రార్థనకు కూర్చున్నా మీ గొడవే మనసులో మెదులుతోంది.

పోయినసారి నీ పని గురించి అడిగితే చెప్పావు. పరమాణువు నడిమధ్య ఉండే ఆ న్యూట్రాన్ల లాంటి కణాల బలాన్ని రెండేసి చొప్పున లెక్కకడితే, అవి నిజంగా ఉన్నంత గట్టిగా అతుక్కున్నట్టు తేలదట. మూడోది పక్కనుంటే ఆ రెండింటి తీరే మారుతుందట. ఆ బలాన్నీ కలిపితేనే లెక్క కుదురుతుందట. నా హైస్కూలు చదువుకు ఈ ఒక్క ముక్కా బాగా ఎక్కింది. ఎందుకంటే నేనున్నప్పుడల్లా మీరిద్దరూ ఒకే పార్టీ.

అందుకే శనివారం బండికి వస్తున్నాను. నీ బల్ల మీది కాగితాలన్నీ సైజుల వారీగా సర్దేస్తాను. "అయ్యో అత్తయ్యా, వరస పోయింది!" అని నువ్వంటావు. "నీకెందుకమ్మా ఆ పని!" అని వాడంటాడు. అంటూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నాకది చాలు.

రావద్దనుకుంటే మొహమాటపడకుండా చెప్పండి, నేనేమీ అనుకోను. కాకపోతే ఇద్దరూ ఒకే ఫోన్ దగ్గర కూర్చుని చెప్పాలి. ఒక్కరే చెబితే ఒప్పుకోను.

మీ అత్తయ్య