మూడు చలికాలాల కట్టెలు

రేనా, 9 నవంబరు 1936

ప్రియమైన ఎంబ్రెట్,

నువ్వు ఆ క్షయ శానటోరియానికి వెళ్ళి నెలన్నర అయింది. దగ్గు ఎలా ఉందో ఒక్క ముక్క రాయవేం? నర్సమ్మ రాసింది, తిండి ముట్టడం లేదని, గోడవైపు తిరిగి పడుకుంటున్నావని. ఇక్కడ నా అవస్థ చూడు. గ్లొమ్మా నది అప్పుడే గడ్డకట్టింది. పొయ్యి వెలిగిస్తే మంట రాదు, ఇల్లంతా పొగే. ఏ కట్టెల దొంతర ముందు తీయాలో చెప్పకుండానే పోయావు. నాకేం తెలుసు ఈ కట్టెల సంగతి!

నీ గుడ్రున్

20 నవంబరు

ప్రియమైన గుడ్రున్,

ఓసి పిచ్చిదానా! ఉత్తరం వైపు దొంతర తీశావు కదూ? దానికి ఎండ తగల్లేదు, ఇంకా పచ్చి. కొట్టం చూరు కింది కట్టెలు తియ్యి. ముందు సన్న పుల్లలు, వాటి మీద రెండు బిర్చ్ చెట్టు చెక్కలు, బెరడు పైకి ఉండాలి. పొగగొట్టం మూత తెరిచావా? తెరిచి ఉండవు. వెలిగిందో లేదో వెంటనే రాయి. వెనక దిండ్లు పెట్టించుకుని, కూర్చుని రాస్తున్నాను.

నీ ఎంబ్రెట్

4 డిసెంబరు

ప్రియమైన ఎంబ్రెట్,

వెలిగింది! కానీ ఎన్ని కట్టెలు వేసినా మంచంలో నీవైపు చల్లగానే ఉంటుంది. దానికేం చెయ్యాలో కూడా రాయి. అన్నట్టు, ముడి ఉన్న మొద్దు ఎంత కొట్టినా చీలడం లేదు. ఎటునుంచి కొట్టాలి?

నీ చేతకాని గుడ్రున్

11 జనవరి

ప్రియమైన దొంగదానా,

ఆదివారం మీ తమ్ముడు అమూన్ చూడ్డానికి వచ్చాడు. "పాపం, ముడి మొద్దు ఎలా చీల్చాలో మీ అక్కకు చూపించరా" అన్నాను. పడీపడీ నవ్వాడు. "మా అక్కకా? నాకు గొడ్డలి పట్టడం నేర్పిందే అది కదా బావా!" అన్నాడు.

రెండు నెలలుగా పొద్దున్న లేస్తే నీ పొయ్యి బెంగే నాకు. నీకు జవాబు రాసే ఓపిక కోసమని గిన్నెడు జావ తాగుతున్నాను. బరువు కూడా పెరిగానట. ఎందుకే ఈ నాటకం?

నీ ఎంబ్రెట్

19 జనవరి

ప్రియమైన ఎంబ్రెట్,

ఎందుకంటావా? ఏటా వసంతంలో ఒక్క చలికాలానికే కట్టెలు కొడతావు. పోయిన వసంతంలో దగ్గుతూనే మూడు చలికాలాలకు కొట్టావు. నువ్వు వెళ్ళిన రోజు ఆ దొంతరలు లెక్కపెట్టాను. తిరిగి రానని నీకు నువ్వే తేల్చేసుకున్నావు. నాతో ఒక్క మాట అన్లేదు. ఎంత కోపం వచ్చిందో, ఎంత ఏడ్చానో నీకు తెలియదు.

నిన్న అమూన్ గుర్రపు బండి తెచ్చాడు. ఈ చలికాలానికి సరిపడా ఉంచుకుని, మిగతావన్నీ బడికి తోలించేశాను. వచ్చే ఏడాదికి మనింట్లో ఒక్క పుల్ల లేదు. నేను కొట్టనుగాక కొట్టను. నీ గొడ్డలి గోడకు వేలాడుతోంది.

మంచు కరగ్గానే వచ్చెయ్యి. లేదంటే వచ్చే చలికి బిగుసుకుపోతాను, నీ ఇష్టం.

దారి చూస్తూ,
గుడ్రున్