పడవ దిగనివాడు

ఆగస్టు 3
పడవ మీద పన్నెండో రోజు. వాన. అడుగున మడమల దాకా నీళ్లు. గంగమణి ఒక డబ్బా, నేను ఒక డబ్బా. తోడటం, తోడటం. మొగుడూ పెళ్లాలం మాట్లాడుకుని రెండు రోజులైంది.

ఆగస్టు 4
నాయన వదిలిపోయింది ఒక ఇల్లు, ఒక పడవ, ఇద్దరు కొడుకులు. అన్నకు ఇల్లు దక్కింది, అందుకని పడవ మీద మొదటి అవకాశం నాకిచ్చారు కులపెద్దలు. షరతు ఇది — వానాకాలం అయ్యేదాకా నేను పడవ మీదే ఉండాలి, అది మునగకూడదు. ఒక్క పూట దిగినా అన్నదే. ఒడ్డుకు లాగినా అన్నదే. ఈ ఆఖరిది అన్న అడిగి మరీ పెట్టించాడు. ఒడ్డుకు లాగకుండా పలకలు ఆరవు, ఆరకుండా డాంబర్ పట్టదు... తెలిసే అడిగాడు.
కిరాయి ఇల్లు ఖాళీ చేసి వచ్చాం. ఇది పోతే గంగమణి వండటానికి మూడు రాళ్లు పెట్టుకునే చోటు కూడా లేదు.

ఆగస్టు 6
ఎండాకాలంలో డాంబర్ పూసి ఉంటే ఈ గతి పట్టేది కాదు. నేను పూయలేదు. ఎవరికి పోతుందో తెలియని పడవకు నేనెందుకు పూయాలి? అన్నా పూయలేదు, అతనిదీ అదే బుద్ధి. ఇద్దరం ఒడ్డున చెరో పక్క కూర్చుని బీడీలు తాగుతూ, పలకలు ఎండి నెర్రెలివ్వడం చూశాం. బాగానే అనిపించింది అప్పుడు. ఒప్పుకోవాలి.

ఆగస్టు 7
సందుల్లో గోనె పీచు కూరి, తడి పలకల మీదే డాంబర్ పూశాను. పట్టదని తెలుసు. సాయంత్రానికి పొరలు పొరలుగా ఊడి నీళ్ల మీద తేలింది. కోపం గంగమణి మీద తీర్చుకున్నాను. అన్నం గిన్నె నీళ్లలోకి విసిరేశాను. తర్వాత ఇద్దరం పస్తే.

ఆగస్టు 9
ఒకటే గాలి. తెరచాప దించి పైన కప్పుగా కట్టాం. సగం నాయన నాటి గుడ్డ, సగం గంగమణి పాత చీరల అతుకులు.
"సలి వెడ్తుంది" అంది. తోడితే వేడి పుడుతుంది అన్నాను. నవ్విందనుకున్నాను. పళ్లు కొట్టుకుంటున్నాయి.

ఆగస్టు 10
అన్న రోజూ వచ్చి ఒడ్డున నిలబడుతున్నాడు.
"ఇంక మునగలేదా?"
"నీ కండ్లు వడ్డంక గూడ మునుగుతలేదే అన్నా."

ఆగస్టు 11
ఆమె డబ్బా పట్టుకోలేకపోతోంది. నటన అన్నాను. చేతిలో పెట్టి కూర్చోబెట్టాను. నాలుగు డబ్బాలు తోడి పక్కకు ఒరిగింది. పట్టుకుంటే ఆమె చెయ్యి కాలిపోతోంది. నాకు భయమేసింది... ఎక్కువగా ఎవరి కోసమో రాయలేను. ఒక్కడినే తోడలేను కదా.

ఆగస్టు 12
అన్న మోటార్ బండి తెచ్చాడు.
"బాన్సువాడ దవాఖానకు తీస్కపోదాం. నువ్వు గూడ రా. ఎనుక కూసోని పట్టుకునేటోళ్లు గావాలె."
నేను దిగితే పడవ ఎవరిదో నాకు తెలుసు, అతనికీ తెలుసు. "నీ ఉపాయం నాకెర్కనే" అన్నాను.
అన్న నీళ్లలోకి దిగి ఆమెను ఎత్తుకున్నాడు.
"వానల తడుస్త... గా తెరచాప ఇయ్యరాదు" అంది గంగమణి.
ఇవ్వలేదు. అది తీస్తే పడవ నిండుతుంది.
అన్న తన రెయిన్‌కోటు విప్పి ఆమెకు తొడిగాడు. తువ్వాలతో ఆమెను తన నడుముకు కట్టుకున్నాడు. బండి పోయేదాకా చూశాను. ఆమె తిరిగి చూడలేదు.

ఆగస్టు 13
తోడాను. ఫోన్ తడిసింది, పని చేయదు. ఎవరూ రాలేదు.

ఆగస్టు 14
పొద్దున్నే అన్న వచ్చాడు. ఒక్కడే. ఒంటి మీద ఆ రెయిన్‌కోటు.
మోకాళ్ల దాకా నీళ్లలోకి వచ్చి ఆగాడు.
"ఎట్లుంది?" అని అడిగాను.
"దిగు రా తమ్మీ."
"ఎట్లుందో చెప్పు."
"నాకు పడవ వద్దు. దిగు. దిగినంక చెప్త."
అన్న ముఖం చూసి ఏదీ కనిపెట్టలేం, చిన్నప్పటి నుంచీ అంతే. ఇది కూడా ఉపాయమే కావచ్చు. ఉపాయమే అయితే బాగుండు.
ఇప్పుడు మధ్యాహ్నం. ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. నీళ్లు నా పిక్కల దాకా వచ్చాయి. తోడుతున్నాను.