పాట అందించేవాడి గొంతు

ఫిబ్రవరి 2, ఆదివారం

ప్రార్థన మధ్యలో నిలబడే నిద్రపోయాను. నా గురక మైకులోంచి చర్చి మొత్తానికీ వినిపించింది. నిరోష కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం నవ్వలేదు. నిద్రలో నీ ఊపిరి ఆగినప్పుడల్ల తట్టి లేపుడే అయితుంది, నేను నీకు పెండ్లాన్నా, వాచ్‌మన్‌నా అని అడిగింది.

ఫిబ్రవరి 3

వనపర్తి, ఈఎన్‌టీ డాక్టర్. ముక్కుకు పెట్టుకునే మెషిన్ రెండు నెలలు వాడి చూశాను, నాకు పడలేదు. ఇక కొండనాలుక దగ్గర కోసే ఆపరేషనే. డాక్టర్ ఏదీ దాచలేదు. రక్తం పోవచ్చు. తాగిన నీళ్లు ముక్కులోంచి రావచ్చు. గొంతు మారొచ్చు. ఇంతా చేసి పూర్తిగా నయమవుతుందని గ్యారంటీ లేదు.

నాకు గొంతు మారొచ్చు అన్నదొక్కటే వినబడింది. మా పెద్దమందడి చర్చిలో సగం మందికి చదువు రాదు. నేను ఒక లైను పాడతాను, వాళ్లు అదే లైను అందుకుంటారు. పద్దెనిమిదేళ్లుగా ఇంతే. గొంతు పోతే ఇక నేనెందుకక్కడ?

నిరోష మాత్రం, ఊపిరుంటేనే గద పాట, సంతకం పెట్టు అన్నది. పెట్టాను.

ఫిబ్రవరి 6

ఆపరేషన్ నిన్న అయిపోయింది. మాట్లాడొద్దన్నారు. ఉమ్మి మింగాలన్నా ఏడుపొస్తోంది.

ఫిబ్రవరి 13, ఉదయం 11

తప్పు నాదే. ఎనిమిది రోజులుగా జావ, మెత్తటి పెరుగన్నం. ఇవాళ నొప్పి తగ్గినట్టనిపించింది. అమ్మ జొన్నరొట్టె కాలుస్తోంది. జొన్నరొట్టె కడుపుల పడకపోతే బలమెట్లొస్తది, ఒక్క ముక్కకు ఏమైతది అన్నది. కరకరలాడే అంచు విరిచి నోట్లో వేసుకున్నాను. అమ్మా నేనూ ఇద్దరం పెద్ద డాక్టర్లం.

గంటకల్లా నోటి నిండా రక్తం. ఆటోలో రాస్తున్నాను. చాలా భయంగా ఉంది.

సాయంత్రం 6

మళ్లీ మత్తిచ్చి రక్తం ఆపారు. పుండు మీది పొర రాలే రోజులివి, గట్టిది తినొద్దని రాసిచ్చిన కాగితం చదువలేదా అని నర్సమ్మ గట్టిగా తిట్టింది. ఎన్ని తిట్టినా హాయిగానే ఉంది. బతికాను. నిరోష నాతో మాట్లాడటం లేదు. నేనెలాగూ మాట్లాడలేను.

మార్చి 4

చాయ్ ముక్కులోంచి వచ్చింది. రోజురోజుకు తగ్గుతుందని డాక్టర్ అన్నాడు. పిల్లలు మళ్లీ తాగి చూపించమంటున్నారు.

ఏప్రిల్ 9

మళ్లీ స్లీప్ టెస్ట్ చేయించుకున్నాను. గంటకు నలభైసార్లు ఆగే ఊపిరి ఇప్పుడు ఎనిమిదిసార్లే ఆగుతోందట. రిపోర్ట్ చూసి డాక్టర్ నవ్వాడు. చాయ్ కూడా ఇప్పుడు లోపలికే పోతోంది. నిరోష ఇవాళ పొద్దెక్కేదాకా పడుకుంది. నేను లేపలేదు.

గొంతు మాత్రం బాగాలేదు. బాత్రూమ్‌లో తలుపేసుకుని పాడి చూశాను. గాలంతా ముక్కులోకి పోతోంది. ఎవరో జలుబు చేసినవాడు పాడినట్టుంది. ఏడ్చాను.

ఏప్రిల్ 10

చర్చిలో ముందు వరసలో కూర్చునే మాసయ్య తాత ఇంటికొచ్చాడు. ఆయనకు అక్షరమ్ముక్క రాదు. నువ్వు రాక రెండు నెలలాయె, ఒక్క పాట గూడ సక్కగ సాగుతలేదు అన్నాడు. గొంతు చెడిందని చెప్పాను. అదంత మాకు తెల్వదు, నువ్వెట్ల పాడితే మేం గట్లనే పాడ్తం, ఆదివారం రా అని లేచి వెళ్లాడు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ముక్కుతోనే పాడాను.

చర్చి మొత్తం ముక్కుతోనే అందుకుంది. మాసయ్య తాత అందరికన్నా గట్టిగా పాడాడు.