హాజరులో మొదటి పేరు

తమ్ముడూ ఓబులేసూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి, మైదుకూరులో నువ్వు నడిపిన వృద్ధాశ్రమానికే వచ్చాను. నీ తర్వాత ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

నిన్న మన చిన్నాయనను సొంత కొడుకే తెచ్చి ఇక్కడ దింపిపోయాడు. ఆ కొడుక్కి నీ ఉద్యోగం కావాలని, నువ్వు ముసలివాళ్లను కొడుతున్నావని దొంగ అర్జీ రాసింది ఈయనే. నిన్ను తీసేశారు, ఆ ఉద్యోగం వాడికీ దక్కలేదు. ఇరవై ఏళ్లు సరిహద్దులో నిలబడినవాడివి, ఆ మాటకు మూడు నెలలు కూడా నిలవలేకపోయావు.

చిన్నాయనను నేను కాదనలేదు. రాత్రిళ్లు ముసలివాళ్ల మధ్యే నువ్వు పడుకున్న మంచం ఖాళీగానే ఉంచాను. దాని పక్క మంచం ఆయనకిచ్చాను.

మిలిటరీ పద్ధతిలో నువ్వు పెట్టిన హాజరు ఇప్పటికీ ఉంది. లేవలేనివాళ్ల తరఫున పక్క మంచం వాళ్లు పలకాలన్నది నీ నియమమే. మొదట నీ పేరే పిలుస్తాను.

"ఓబులేసు!" అన్నాను ఈ ఉదయం.

చిన్నాయన తల వంచుకున్నాడు.

"పలుకప్పా, కాఫీ చల్లారిపోతాండాది," అని వెనక మంచం మీది ముసలామె మస్తానమ్మ కసిరింది.

"పోయినోని పేరుకు నాతో ఎందుకు పలికిస్తావు అమ్మీ?" అన్నాడు చిన్నాయన.

"పక్క మంచం నీదే కదా చిన్నాయనా."

ఖాళీ మంచం వైపు చూసి "ఉండాడు" అన్నాడు.

"గట్టిగా చెప్పు. వెనకోళ్లకు వినపడల్యా," అన్నాను.

మళ్లీ చెప్పాడు. రేపూ చెబుతాడు.

ఆయనకు నూరేళ్లు ఆయుష్షు ఇమ్మని దేవుడికి మొక్కుకున్నాను.

నీ పెద్దక్క